సోలెన్సియా సూదీ, కోసిన ప్లాస్టిక్ డబ్బా: మా ముసలి పిల్లి కీళ్ళ నొప్పులకి ఏది ఎంత పనిచేసింది

చివరిదాకా చదివే తీరిక లేనివాళ్ళ కోసం ముందే చెప్పేస్తున్నా. నెలకోసారి వేసే సోలెన్సియా సూది పనిచేసింది. మా ముసలోడు కుర్రాడైపోలేదు గానీ మెట్లు సరిగ్గా దిగుతున్నాడు, ఒళ్ళు నాక్కుంటున్నాడు, చెయ్యి వేస్తే కసరడం మానేశాడు. నెలనెలా చేతి చమురు మాత్రం బాగా వదులుతోంది. అయిదుకి నాలుగు ఇస్తాను. పోయిన ఆ ఒక్కటీ మందు తప్పు కాదు, మందు చుట్టూ అల్లుకున్న ఖర్చుది.

మా పిల్లి పేరు పులిహోర. పసుపు రంగు ఒళ్ళు, ముక్కు మీదా పెదాల మీదా ఆవగింజల్లా నల్లచుక్కలు. పసుపు పిల్లులకి వయసు పెరిగేకొద్దీ ఆ చుక్కలు మామూలేనట, జబ్బేం కాదు. వయసు 16. బరువు 12 పౌండ్లు, అంటే దాదాపు అయిదున్నర కిలోలు. అమెరికాలో, టెక్సస్‌లోని ప్లేనోలో మాది చిన్న టౌన్‌హౌస్. కింద హాలూ వంటిల్లూ, పైన పడకగదులు, మధ్యలో చెక్క మెట్లు. వాడి తిండి కింద, వాడి పక్క పైన. కాబట్టి ఏ మందు ఎంత పనిచేసిందో తేల్చింది ఆ మెట్లే.

కుక్కకి కాలు నొప్పి పెడితే కుంటుతుంది, మనకి తెలుస్తుంది. పిల్లి అలా కాదు. రెండు మోచేతులూ, రెండు తుంట్లూ సమానంగా అరిగితే ఇక దేని మీద కుంటుతుంది? చేసే పనులు ఒక్కొక్కటే మానేస్తుంది, అంతే. మనమేమో పెద్దదైపోయింది, పడుకుంటోంది అనుకుంటాం. నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు పన్నెండేళ్ళు దాటిన వంద పిల్లుల ఎక్స్‌రేలు తిరగేసి 2002లో ఒక పేపర్ వేశారు. తొంభైటిలో ఎక్కడో ఒకచోట కీళ్ళ అరుగుదల కనపడిందట. అంటే ముసలి పిల్లి ఉన్న ఇంట్లో కీళ్ళ నొప్పులు వింతేం కాదు, లేకపోతేనే వింత.

మా వాడి దగ్గర కనపడ్డవి ఇవీ. సోఫా మీంచి దూకేవాడు కాదు. ముందు కాళ్ళు రెండూ సోఫా పక్కకి ఆనించి, ఎంత కిందికి జారగలడో అంతా జారి, చివర్లో దభీమని వదిలేసేవాడు. ఆ చప్పుడు పక్కగదిలోకి వినపడేది. తోక మొదట్లో, నడుం మీద బొచ్చు అట్టలు కట్టింది, అక్కడిదాకా మెడ తిప్పి నాక్కోలేక. కొత్త వినైల్ ఫ్లోర్ మీద నడుస్తుంటే గోళ్ళు టిక్కు టిక్కుమనేవి. గోకే స్తంభం మానేశాడు కదా, గోళ్ళు ముదిరి దళసరిగా పెరిగి, ఒకటైతే వంకర తిరిగి పాదం మెత్తలో గుచ్చుకోబోతోంది. లిట్టర్ బాక్స్‌లోకి, అంటే వాడు ఒంటికీ రెంటికీ వెళ్ళే ఇసక డబ్బాలోకి, ముందు కాళ్ళు పెట్టి, వెనక భాగం బయటే ఉంచి పని కానిచ్చేసేవాడు. ఇదంతా పొగరు అనుకున్నది మా ఆవిడ. నొప్పి అని మొదట అన్నది మా అమ్మ.

అమ్మ అప్పుడే తెనాలి నుంచి వచ్చింది. జెట్ లాగ్‌తో తెల్లవారుజామున హాల్లో కూర్చుని వాడినే చూసేది. "ఒరేయ్, దీనికి కీళ్ళు పట్టేశాయిరా. లేచేముందు చూడు, ఎట్లా లేద్దామా అని ఆలోచిస్తోంది. నా దగ్గర డోలో ఉంది, చిన్న ముక్క విరిచి పాలల్లో వేద్దామా?"

ఈ ఒక్క విషయం దగ్గర ఆగాలి, ఎందుకంటే మన ఇళ్ళల్లో ఈ ఆలోచన అందరికీ వస్తుంది. పారాసెటమాల్ పిల్లికి విషం. క్రోసిన్, డోలో, ఇక్కడి టైలెనాల్, అన్నీ అదే. దాన్ని విరిచి బయటికి పంపే యంత్రాంగం పిల్లి కాలేయంలో చాలా తక్కువ. రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితికొస్తుంది, చిగుళ్ళు గోధుమరంగుకి తిరుగుతాయి, మొహమూ పాదాలూ వాస్తాయి. ఒక్క మాత్ర చాలు ప్రాణం పోవడానికి. ఐబుప్రోఫెన్, ఆస్ప్రిన్ కూడా మనంతట మనం వేసేవి కావు. అమ్మకి ఇదంతా చెప్పాక, "పోనీ కాస్త అమృతాంజనం రాస్తే?" అంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి మీద మనకెంత గౌరవం ఉన్నా, ఆ డబ్బా మనుషుల కోసం. ఏ నొప్పి బామ్ అయినా అంతే. కర్పూరం, పుదీనా పువ్వు, గంధపూర తైలం లాంటివి ఒంటి మీద రాస్తే పిల్లి నాకి మింగుతుంది. గంధపూర తైలం ఆస్ప్రిన్‌కి దగ్గర చుట్టం.

వెట్ (పశువుల డాక్టరు) దగ్గర చేతులతో కీళ్ళు వంచి చూశారు, రక్తపరీక్ష చేశారు, కొంచెం మత్తిచ్చి ఎక్స్‌రే తీశారు. ముందు కాళ్ళ మోచేతులు రెండూ, నడుం కింది పూసలూ అరిగాయి. ఎక్స్‌రేలో కనపడేదానికీ ఉన్న నొప్పికీ నేరుగా లెక్క కుదరదని ఆవిడే చెప్పింది. ఫిల్మ్ ఘోరంగా ఉండి హాయిగా తిరిగేవి ఉంటాయి, ఫిల్మ్ బాగానే ఉండి కదల్లేనివీ ఉంటాయి. దానితోపాటు కిడ్నీ జబ్బు రెండో స్టేజిలో ఉందని రక్తపరీక్షలో తేలింది. ముసలి పిల్లుల్లో ఈ రెండూ జంటగా రావడం మామూలే. మందు ఎంచుకోవడంలో చిక్కంతా అక్కడే వస్తుంది.

నొప్పికి అందరికీ తెలిసిన మందు మెలాక్సికామ్. యూరప్‌లోనూ ఆస్ట్రేలియాలోనూ పిల్లులకి చిన్న మోతాదులో ఏళ్ళ తరబడి చుక్కల మందుగా ఇవ్వడానికి అనుమతి ఉంది. అమెరికాలో అదే మందు లేబుల్ మీద 2010 నుంచి నల్లగీతల పెట్టెలో హెచ్చరిక: పిల్లులకి మళ్ళీ మళ్ళీ ఇస్తే కిడ్నీలు పాడై చనిపోయిన సంఘటనలున్నాయి, ఒక్కసారికి మించి ఇవ్వొద్దు అని. ఒకే మందు, సముద్రానికి ఇటొక రూలు, అటొక రూలు. ఇక్కడ అనుమతి ఉన్న ఇంకో మాత్ర రోబెనాకాక్సిబ్ ఉంది, అది మూడు రోజుల వరకే. గాబాపెంటిన్ రాస్తారు గానీ వాడికి అది పడితే తూలుతూ నడుస్తాడు. దాన్ని మేం క్లినిక్‌కి తీసుకెళ్ళే రోజున భయం తగ్గడానికి మాత్రమే ఉంచుకున్నాం.

అలా మిగిలింది సోలెన్సియా. అసలు పేరు ఫ్రునెవెట్‌మాబ్, చేసేది జోయెటిస్. 2022 జనవరిలో ఎఫ్‌డీఏ, అంటే అమెరికాలో మందులకి అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ, అనుమతిచ్చింది. పిల్లుల కీళ్ళ అరుగుదల నొప్పికంటూ అమెరికాలో అనుమతి దొరికిన మొదటి మందు అదే. ఏ జంతువుకైనా ఎఫ్‌డీఏ ఒప్పుకున్న మొదటి మోనోక్లోనల్ యాంటీబాడీ (ఒకే ఒక్క లక్ష్యాన్ని పట్టుకునేలా ల్యాబ్‌లో తయారుచేసిన ప్రొటీన్) కూడా అదే. అరిగిన కీలులో ఎన్‌జీఎఫ్ అనే ప్రొటీన్ ఎక్కువగా ఊరుతుంది. నొప్పి నరాల్ని రెచ్చగొట్టి, చిన్న కదలికకే అబ్బా అనిపించేది అదే. ఈ యాంటీబాడీ ఆ ప్రొటీన్‌ని పట్టుకుని నరం దాకా చేరనివ్వదు. ఇది కూడా ప్రొటీనే కాబట్టి ఒంట్లో మిగతా ప్రొటీన్లలాగే విరిగిపోతుంది, కిడ్నీల మీదా కాలేయం మీదా పెద్దగా భారం వెయ్యదు. మాకు నచ్చింది ఈ సంగతే. ఒక్కటి గుర్తుంచుకోండి. కిడ్నీ జబ్బున్న పిల్లుల్లో మొదటి రెండు స్టేజీల్లో ఉన్నవాటి మీదే దీన్ని పరీక్షించారు. మీ పిల్లి మూడూ నాలుగు స్టేజీల్లో ఉంటే దీని భద్రత గురించి ఎవరూ గట్టిగా చెప్పలేరు.

సూది వెయ్యడం గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. ఫ్రిజ్‌లోంచి ఒక చిన్న గాజు బుడ్డి తీస్తారు, అందులో ఒక మిల్లీలీటరు మందు. ఏడు కిలోల లోపు పిల్లికి ఒక బుడ్డి, దాటితే రెండు. మెడ వెనక చర్మం పైకి లాగి కిందకి పొడుస్తారు. పులిహోర ముందు ట్యూబులో వచ్చే ట్యూనా పేస్టు పెడితే, వాడు నాకడం ఆపకముందే పనైపోయింది. ఇంటికి మాత్రలు తెచ్చి, నోరు తెరిచి, చెయ్యి కొరికించుకునే బాధ లేదు. పిల్లికి మాత్ర మింగించిన వాళ్ళకి ఈ మాట విలువ తెలుస్తుంది.

ఇక అసలు ప్రశ్న. పనిచేసిందని నాకెలా తెలుసు?

ఈ మందు మీద జరిగిన పెద్ద పరీక్షలో 275 పిల్లులున్నాయి. రెండు నెలలయ్యేసరికి సూది పడ్డవాటిలో దాదాపు 76 శాతం మెరుగయ్యాయని యజమానులు చెప్పారు. బాగుంది. కానీ మందు లేని సూది పడ్డవాటిలో కూడా దాదాపు 65 శాతం మెరుగయ్యాయని వాటి యజమానులు చెప్పారు. మూడో నెలకి ఆ తేడా ఇంకా తగ్గింది. దీనర్థం మందు దండగని కాదు. డబ్బు కట్టి, పిల్లిని బుట్టలో పెట్టి తీసుకెళ్ళి తెచ్చాక మన కళ్ళు మన మాట వినవని అర్థం. వాడు ఆవలించినా "చూశావా, ఎంత హుషారుగా ఆవలించాడో" అనుకుంటాం.

అందుకని మొదటి సూదికి ముందే మూడు పనులు ఎంచుకుని ఫోన్‌లో వీడియో తీసిపెట్టాను. పై నుంచి మెట్లు దిగడం, కిటికీ గట్టు మీదికి ఎక్కడం, సోఫా మీంచి దిగడం. రెండో సూది అయి కొన్నాళ్ళకి అవే మూడూ మళ్ళీ తీశాను, అదే చోట నిలబడి, అదే తిండి గిన్నె చప్పుడు చేసి. అప్పటికి అమ్మ తెనాలి వెళ్ళిపోయింది. ఏది పాతదో ఏది కొత్తదో చెప్పకుండా, వరస కలిపేసి ఆవిడకి వాట్సాప్‌లో పంపాను. ఆ రాత్రే ఫోన్ చేసింది. "మెట్ల దాంట్లో ఒకదానిలో సుబ్బరంగా దిగుతున్నాడు, ఇంకోదానిలో మెట్టు మెట్టుకీ రెండు కాళ్ళూ కలిపి ఆగుతున్నాడు. సోఫా కూడా అంతే. కిటికీది రెండూ ఒకటేగా, ఎందుకు పంపావు రెండూ?"

తీర్పు అదే. మెట్లూ సోఫా బాగుపడ్డాయి. కిటికీ గట్టు బాగుపడలేదు, ఇప్పటికీ కింద చూసి పైన చూసి వెళ్ళిపోతాడు. బహుశా కండ కరిగిపోయింది. నొప్పి తగ్గించే సూది కండ తెచ్చివ్వదు. వీడియోకి అందనివి కూడా కొన్నున్నాయి. నడుం మీద అట్టలు మళ్ళీ కట్టలేదు. మా అమ్మాయి తల నిమిరితే లేచి పోవడం లేదు. మొదటి సూది తర్వాత మాత్రం ఏమీ తెలియలేదు, నిజం చెప్పాలి. రెండోదాకా ఆగమని వెట్ ముందే చెప్పబట్టి ఆగాం.

లేబుల్ మీద రాసిన దుష్ఫలితాలు వాంతులు, విరేచనాలు, సూది పొడిచిన చోట నొప్పి, తిండి మానెయ్యడం, దురద, బొచ్చు ఊడటం, చర్మం మీద పొక్కులు. చర్మానికి సంబంధించినవి తలా మెడా దగ్గర వస్తుంటాయి కాబట్టి అక్కడ వేళ్ళు పెట్టి చూస్తుండండి. మా వాడికి ఇప్పటిదాకా ఏమీ రాలేదు. కుక్కలకి ఇదే కంపెనీ ఇలాంటి సూదే ఇస్తుంది, పేరు లిబ్రెలా. దాని మీద వచ్చిన ఫిర్యాదుల గురించి 2024 డిసెంబర్‌లో ఎఫ్‌డీఏ పశువైద్యులకి ఉత్తరం రాసింది. ఆ వార్త చూసి మా ఫ్రెండ్స్ కొందరు కంగారుగా ఫోన్ చేశారు. అది వేరే మందు, వేరే జంతువు. అయినా మీ వెట్‌ని అడగడంలో తప్పు లేదు, నేనూ అడిగాను.

ఖర్చు దగ్గరికొద్దాం. సూది ఒక్కటీ మాకు 90 డాలర్లు పడుతోంది. మొదట చూపించిన క్లినిక్‌లో ప్రతి నెలా డాక్టర్ పరీక్ష ఫీజు కూడా కట్టి తీరాలన్నారు. లోపలికెళ్ళేది సూది కోసం, బిల్లు మాత్రం కొత్త పేషెంట్‌కి వేసినట్టు. రెండు నెలలు కట్టి, ఇంకో క్లినిక్‌కి మారిపోయాం. అక్కడ ఆరు నెలలకోసారి డాక్టర్ చూస్తారు, మధ్యలో టెక్నీషియన్ సూది వేసి పంపేస్తుంది. మీరు వెళ్ళే ముందు ఫోన్లోనే ఈ ముక్క అడగండి. ఇన్సూరెన్స్ మాకు పనికిరాలేదు, జబ్బు బయటపడ్డాక తీసుకుంటే ఆ జబ్బుకి ఇవ్వరు. అమ్మ ఎంతయిందని అడిగితే డాలర్లలోనే చెప్పి ఊరుకున్నాను.

సూదితోపాటు కొన్నవాటి గురించి కూడా రాయాలి, ఎందుకంటే అన్నిటికన్నా చవకది అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది. లిట్టర్ బాక్స్‌గా వాడదామని బట్టలు దాచుకునే పెద్ద ప్లాస్టిక్ డబ్బా ఒకటి కొన్నాను, పది డాలర్లు. మూత అవతల పడేసి, ఒక పక్క బాక్స్ కట్టర్‌తో లోపలికి ద్వారం కోశాను, నేల నుంచి రెండంగుళాల ఎత్తు వదిలి. కోసిన అంచు గరుగ్గా ఉంటుంది, దాని మీద డక్ట్ టేప్ మందంగా చుట్టాలి, లేకపోతే పొట్ట గీరుకుంటుంది. మిగతా మూడు పక్కలూ ఎత్తుగానే ఉంచండి. కీళ్ళ నొప్పి పిల్లి పూర్తిగా కూర్చోలేదు, సగం నిలబడే పోస్తుంది, మామూలు ట్రే అయితే గోడకి కొడుతుంది. పెట్టిన రోజు నుంచి బయట పొయ్యడం ఆగింది. సూదికి ఇంకా అపాయింట్‌మెంట్ కూడా దొరకలేదు అప్పటికి. తర్వాత పై అంతస్తుకి ఇంకోటి చేశాను. పెట్ షాపుల్లో ముసలి పిల్లుల కోసమని అమ్మేవి ఇదే పని నాలుగింతల ధరకి చేస్తాయి.

నునుపు నేల మీద వాడు తిరిగే దారంతా జారని చాపలు పరిచాం. ఇల్లు చూడ్డానికి దరిద్రంగా ఉంది, వాడికి బాగుంది. గోళ్ళు రెండు వారాలకోసారి మేమే కత్తిరిస్తున్నాం. పెంపుడు జంతువుల కోసం చేసిన, ఒంటి వేడి దాకా మాత్రమే వేడెక్కే పరుపు ఒకటి కొన్నాం, జనవరి చలిలో అందులోంచి లేవలేదు. మనుషుల హీటింగ్ ప్యాడ్ మాత్రం వెయ్యకండి. నొప్పి ఉన్న ముసలి పిల్లి వేడెక్కినా లేచిపోదు, చర్మం కాలుతుంది.

డబ్బు దండగ అయినవి రెండు. ఒకటి, సోఫాకి వేసే ర్యాంపు. ఏటవాలు మరీ నిటారు, పైన వేసిన తివాచీ ముక్క జారుతుంది. వాడు దాని కింద పడుకుంటున్నాడు. దాని బదులు గట్టి ఫోమ్ మెట్లు, పొట్టివి, వెడల్పువి చూసుకోండి. రెండోది, గ్లూకోసమైన్ ఉన్న నమిలే బిళ్ళలు, డబ్బా మీద నవ్వుతున్న పిల్లి బొమ్మ. గ్లూకోసమైన్ పిల్లుల్లో పనిచేస్తుందనడానికి గట్టి రుజువు లేదు, పైగా మా వాడు వాసన చూసి మట్టి కప్పినట్టు నేల గీకి వెళ్ళిపోయాడు. చేపనూనె సంగతి కాస్త నయం, అయితే మోతాదు వెట్‌నే అడగండి. కాడ్ లివర్ ఆయిల్ వేరు, అందులో ఎ, డి విటమిన్లు ఎక్కువై హాని చేస్తాయి.

ఎవరికి చెప్తాను ఈ సూది? కిడ్నీ తొలి స్టేజీల్లో ఉండి, మాత్ర మింగని, ఏడాది దాటిన పిల్లి ఉన్నవాళ్ళకి. గర్భంతో ఉన్న పిల్లికీ, పాలిచ్చే పిల్లికీ ఇవ్వరు. లిట్టర్ బాక్సూ చాపలూ సూదికన్నా ముందే మార్చండి, అప్పుడు ఏ మార్పు దేని వల్ల వచ్చిందో మీకు లెక్క తెలుస్తుంది. మూడో సూదికి డబ్బు కట్టే ముందు వీడియోలు పక్కపక్కన పెట్టి చూడండి. తేడా లేకపోతే అదే మాట వెట్‌తో అని ఆపేయండి, ఆ 90 డాలర్లతో ఇంట్లో ప్రతి గదికీ డబ్బా కోయొచ్చు.